ఏడాది పొడుగునా కచేరీలు వింటే ఏం మిగులుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: యూట్యూబ్‌లో పాత రికార్డింగుల దగ్గర్నుంచి నిన్న రాత్రి కచేరీ దాకా అన్నీ దొరుకుతుంటే, పనులు మానుకుని సభలకు తిరగడం వల్ల ఒరిగేదేమిటి? సంగీతం నేర్చుకోనివాళ్ళకు అర్థమవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

నేను ముప్పై ఏళ్ళ పైబడి శ్రోతగానే ఉన్నాను. గొంతు విప్పి పాడింది లేదు, వాద్యం పట్టింది లేదు. మొన్న డిసెంబరు చివర్లో చెన్నై నుంచి తిరిగి వస్తూ, రైల్లో నిద్ర పట్టక, ఆ ఏడాదంతా ఏమేం విన్నానో నెమరేసుకున్నాను. మీకు ఆ లెక్కలోంచే జవాబు చెబుతాను.

ఎంతమందిని విన్నామన్నది పెద్ద విషయం కాదు. ఒకే కృతిని నలుగురి దగ్గర వినాలి, ఒకే మనిషిని నాలుగు చోట్ల వినాలి. చెవికి పని నేర్పేది అదే. పెద్ద పేర్ల వెంట పరుగెత్తితే ఫోన్ నిండా మసక ఫోటోలు మిగులుతాయి, అంతే.

పోయిన ఏడాది అనుకోకుండా నాకు మళ్ళీ మళ్ళీ తగిలిన కృతి త్యాగరాజస్వామివారు ఖరహరప్రియ రాగంలో కూర్చిన ‘చక్కని రాజమార్గము’. చాలామంది ఇందులో నెరవల్‌కి ఎత్తుకునేది చరణంలో ‘కంటికి సుందరతరమగు రూపమే’ అన్న చోట. దాని తర్వాత ‘ముక్కంటి నోట చెలగే నామమే’ అని వస్తుంది. పద్యాలు చదువుకున్నవాళ్ళకు ఇక్కడ ఒక కిటుకు కనబడుతుంది. ఆయన ప్రాసను ‘ంట’ మీద నడిపారు: కంటికి, ముక్కంటి, త్యాగరాజింట, ఇటువంటి. ప్రాస రెండో అక్షరానికి పడాలి కాబట్టి రెండో పాదం నిజానికి ‘క్కంటి’ దగ్గర అందుకుంటుంది. ‘ము’ పాపం ముందు పాదం చివర వేలాడుతూ ఉంటుంది. కృతి పాడేటప్పుడు ఇబ్బంది లేదు, చెవి కలిపేసుకుంటుంది. కానీ నెరవల్ అంటే ఆ ఒక్క పంక్తినే పదిరకాలుగా తిప్పి తిప్పి పాడటం కదా. తిప్పిన ప్రతిసారీ ఆ ‘ము’ను ఏం చెయ్యాలి?

మార్చిలో హైదరాబాద్‌లో ఒక చిన్న హాల్లో విన్న కుర్రాడు దాన్ని వదల్లేదు. ప్రతి ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, చివరా ‘రూపమే ము’ అని పాడి మళ్ళీ ‘కంటికి’లోకి దూకాడు. గొంతు బంగారం, లయ ఉక్కు. అయినా నాకు మాత్రం మెట్టు తప్పినట్టే ఉంది ప్రతిసారీ. ఏప్రిల్లో బెంగళూరులో ఒక పెద్దాయన ‘రూపమే’ దగ్గరే రాగాన్ని సాగదీసి ఆవర్తనం నింపేసి, రెండో పాదానికి వెళ్ళేటప్పుడు ఒక్కసారి మాత్రం ‘ము’ను అందుకున్నారు. డిసెంబరులో చెన్నైలో ఒక గాయని రెండు పాదాలనూ కలిపి ఒకే పంక్తిగా తీసుకుని ‘నామమే’ దగ్గర ఆపారు. మాట ఎక్కడా విరగలేదు. పైగా రూపానికీ నామానికీ తూకం కుదిరింది. ఆవిడ తెలుగు మనిషి కాదు. అర్థం అడిగి తెలుసుకుని పాడారని వింటుంటేనే తెలిసిపోయింది.

ఈ మూడూ నేను ఇంట్లో వినుంటే ఇంత తేడా పట్టుబడేదా అంటే అనుమానమే. ఇంట్లో ఆలాపన, అంటే మాటల్లేకుండా రాగం పాడే భాగం, దగ్గర ఫోన్ మోగుతుంది, నెరవల్ దగ్గర కుక్కర్ కూస్తుంది, మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం రాగానే వేలు దానంతటదే ముందుకు జరిపేస్తుంది. హాల్లో కూర్చున్నామంటే కూర్చోవడమే. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఇక ఏడాది ఎలా నడిచిందంటే, జనవరిలో తిరువయ్యారుతో మొదలైంది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి నాడు అక్కడ ఆరాధన. తంజావూరు నుంచి 13 కిలోమీటర్లు, బస్సులు దండిగా ఉంటాయి. ఉదయం కావేరి ఒడ్డున పందిట్లో విద్వాంసులు ఎదురెదురు వరుసల్లో నేల మీదే కూర్చుంటారు. వాళ్ళ వెనక మనలాంటివాళ్ళం. ముందు వేణువు మీద భైరవి రాగంలో ‘చేతులార శృంగారము’ వస్తుంది. ఆ తర్వాత నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఆయన ఐదు పెద్ద కృతులు, పంచరత్నాలు, వరసగా. అందరూ పాడొచ్చు. మీ పక్కన కూర్చున్నాయన శ్రుతి ఎటో పోతుంటుంది, వెనకనుంచి ఎవరో అరక్షణం ఆలస్యంగా అందుకుంటారు, ఎవరూ ఏమనుకోరు. దీన్ని కచేరీ అనుకుని వెళ్తే నిరాశపడతారు. సాహిత్యం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గొంతు కలపడానికి వెళ్తే మాత్రం దీని సాటి ఇంకోటి లేదు. ఆరభిలో ‘సాధించెనే’ దగ్గరికి వచ్చేసరికి, ప్రతి చరణం తర్వాతా ‘సమయానికి తగు మాటలాడెనే’ అని తిరిగి వస్తుంది చూడండి, అప్పుడు పందిరంతా ఒక్క గొంతు అవుతుంది. అంతవరకూ పెదాలు కదపని ముసలాయన కూడా అక్కడ అందుకుంటాడు.

అక్కడికి వెళ్ళినవాళ్ళు గాయని బెంగళూరు నాగరత్నమ్మ గురించి తెలుసుకోకుండా రాకండి. పాడుబడ్డ త్యాగరాజస్వామి సమాధి మీద తన సొంత డబ్బుతో గుడి కట్టించింది ఆవిడే. ఆరాధన చేసేవాళ్ళు వర్గాలుగా చీలి, ఆడవాళ్ళను పాడనివ్వని రోజుల్లో, ఆవిడ ఆడవాళ్ళతో విడిగా ఆరాధన నడిపించింది. చివరికి అందరూ కలిసి పాడే పద్ధతి వచ్చింది. 1952లో పోయింది. ఆవిడ సమాధి కూడా అక్కడే ఉంది. ఇప్పుడు పంచరత్నాల గోష్ఠిలో సగానికి సగం ఆడవాళ్ళ గొంతులే వినబడుతుంటాయి, ఆవిడ పేరు మాత్రం ఎవరో అడిగితే తప్ప రాదు. ఇది నాకెప్పుడూ కొరతగానే ఉంటుంది.

ఆరాధన రోజుల్లో మిగతా వేళల్లో పొట్టి కచేరీలు జరుగుతాయి. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు దొరకడమే గగనం, ఒక కృతి పాడి లేచిపోతారు. ఎవర్ని పూర్తిగా వినాలో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. బెంగళూరులో నేను విన్న పెద్దాయన నాకు మొదట తగిలింది అక్కడే.

బెంగళూరులో శ్రీరామ సేవా మండలి 1939 నుంచి రామనవమి ఉత్సవాలు నడుపుతోంది. చామరాజపేటలో ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో పెద్ద పందిరి వేస్తారు, నెల రోజుల పైమాటే కచేరీలు. కర్ణాటకం, హిందుస్తానీ రెండూ. హైదరాబాద్ నుంచి రాత్రి బయలుదేరితే పొద్దున్నే దిగొచ్చు. ఏప్రిల్ సాయంత్రాలు అక్కడ మన ఊళ్ళంత మండవు. పందిరి కాబట్టి బయట ట్రాఫిక్ వినబడుతుంది. మొదటి పావుగంట చిరాకు, తర్వాత మర్చిపోతాం.

మే నెలలో తిరుపతి. వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి, తిరుపతిలోనూ తాళ్ళపాకలోనూ. ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అన్నమయ్య పాటల్లో ఒక విచిత్రం ఉంది. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అంటే ఇప్పుడు మనం వింటున్న వరసలన్నీ ఇటీవలివే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు, ఇంకా ఎందరో కూర్చినవి. ‘నానాటి బతుకు’ రేవతి రాగంలో తప్ప ఊహించుకోలేం గానీ, ఆ రేవతి నేదునూరివారిది. కాబట్టి అక్కడ ఒకే పాట ఒకే రోజు రెండు వరసల్లో వినబడినా ఆశ్చర్యపోకండి, ఏదో ఒకటి తప్పని గొడవపడకండి. నాకు నేదునూరివారి వరసలంటే పక్షపాతం ఉంది. పదాన్ని విరవకుండా, రాగాన్ని పల్చబరచకుండా రెండిటినీ నిలబెట్టడం ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళతో టీ తాగుతూ వాదించుకోవడం కూడా ఉత్సవంలో భాగమే.

జూన్ నుంచి అక్టోబరు దాకా ఎక్కువగా హైదరాబాద్‌లోనే. రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, శిల్పారామం, ఇవి కాక గుళ్ళలోనూ కాలనీ హాళ్ళలోనూ జరిగేవి. చాలావాటికి టికెట్ ఉండదు. ఉచితం కాబట్టి మనకు ఇంకో రకంగా ఖర్చవుతుంది. ఆరింటికని కార్డు వేస్తారు. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, శాలువాలు, అతిథి మాట్లాడాక ఆ అతిథి గురించి ఇంకొకరు మాట్లాడటం, ఇవన్నీ అయ్యేసరికి ఏడుంపావు. ఎనిమిదిన్నరకు హాలు ఖాళీ చెయ్యాలి. కోత పడేది ఎవరికి? రాగాలాపనకు, తనికి. ఒక చోటైతే గాయని కల్యాణి రాగం అందుకుని ఇంకా పై షడ్జానికి, అంటే పై ‘స’కి, చేరకముందే నిర్వాహకుడు పక్కనుంచి వాచీ చూపించాడు. పాట విననివ్వడానికి పిలిచారా, శాలువా చూపించడానికి పిలిచారా అని ఆ రోజు ఒళ్ళు మండింది.

రెండో బెడద మైకు. మృదంగాన్ని బాదుడు వాద్యంలాగా, తంబురాను తేనెటీగల తుట్టెలాగా చేసే సౌండ్ సిస్టమ్‌లు మనకు కొదవలేదు. అందుకే నాకు వీలైతే వందమంది పట్టే హాలే ఇష్టం. విద్వాంసుడు ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో వినబడేంత దగ్గర. పెద్ద హాల్లో తప్పనప్పుడు నాలుగో వరుస నుంచి ఏడో వరుస మధ్యలో, స్పీకర్లకు దూరంగా కూర్చోండి.

సీటు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. మనవైపు నుంచి చూస్తే సాధారణంగా మృదంగం ఎడమపక్క, వయొలిన్ కుడిపక్క ఉంటాయి. మృదంగం కుడి మూత సభ వైపు ఉండాలని ఈ ఏర్పాటు. వాయించేవాళ్ళు ఎడమచేతి వాటమైతే ఇద్దరూ పక్కలు మార్చుకుంటారు. పళని సుబ్రహ్మణ్య పిళ్ళైగారు అలా ఎడమచేతి వాటం మనిషే. తని అర్థంకాదని లేచి కాఫీకి పోయేవాళ్ళు ఒకసారి మృదంగం వైపు ముందు వరుసలో కూర్చుని చూడాలి. చూపుడువేలు ఎక్కడ పడితే ఏ మోత వస్తోందో కళ్ళు చెబుతాయి. పది నిమిషాల్లో లెక్క తెలియకపోయినా, ముగింపులో మూడుసార్లు వాయించే తీర్మానం మూడోసారి వస్తోందని ఒంటికి తెలిసిపోతుంది.

మైకు అక్కర్లేని సంగీతం వినాలంటే నాదస్వరం. దసరాల్లో ఒంగోలు వైపు వెళ్ళినప్పుడు ఒక గుళ్ళో రాత్రి ఊరేగింపు వెంట నడుస్తూ విన్నాను. షేక్ చినమౌలానాగారు పుట్టిన కరవది ఆ పక్కనే. ఆయన తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా గుళ్ళలో నాదస్వరం వాయిస్తున్నాయి. 2020కి గాను పద్మశ్రీ అందుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులదీ ఆ కోవే. పెళ్ళిపందిట్లో మాటల మధ్య గట్టిమేళం విని ఇదేదో చప్పుడనుకునేవాళ్ళు గుడి ముందు అరగంట తోడి రాగం వినాలి. ముప్పై అడుగుల దూరంలో నిలబడండి, మరీ దగ్గరైతే చెవులు గింగురుమంటాయి. డోలు అయితే మరీను.

నవంబరు చివర్లో హైదరాబాద్‌లోనే పండిత్ మోతీరామ్, పండిత్ మణిరామ్ సంగీత సమారోహ్. మోతీరామ్‌గారు హిందుస్తానీ గాయకుడు జస్‌రాజ్‌గారి తండ్రి, హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఈ సమారోహ్‌ను 1972లో జస్‌రాజ్‌గారు మొదలుపెట్టారు, 2020లో ఆయన పోయాక కూడా నడుస్తోంది. కర్ణాటక సంగీతం అలవాటైన చెవికి హిందుస్తానీ మొదట ఓపిక పరీక్ష. మనవాళ్ళు గంటలో ఐదు కృతులు పాడతారు, వాళ్ళు గంటసేపు ఒక్క రాగంలోనే ఉంటారు. దారి ఏమిటంటే, తెలిసిన రాగంతో లోపలికి వెళ్ళడం. మాల్కౌన్స్ మన హిందోళం, భూప్ మన మోహన, యమన్ కల్యాణికి దగ్గర చుట్టం. ఇంత తెలిస్తే మొదటి రాత్రికి చాలు. షాల్ తీసుకెళ్ళండి, ఆరుబయట కూర్చోవలసి వస్తే పదింటికల్లా చలి పుడుతుంది.

ఇక డిసెంబరు, చెన్నై. దీని గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను పెద్దగా చెప్పను. మ్యూజిక్ అకాడమీ 1927 కాంగ్రెస్ మహాసభల వేళ పుట్టిన ఆలోచన, 1928లో ఏర్పడింది. అక్కడ పొద్దున్నే జరిగే సోదాహరణ ప్రసంగాలు నా మట్టుకు సాయంత్రం కచేరీలకంటే విలువైనవి. నారద గానసభ, కృష్ణ గానసభ, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్, ఇలా ఒకే సమయానికి అరడజను చోట్ల నడుస్తుంటాయి. కొత్తవాళ్ళు రోజుకు నాలుగు కచేరీలని పట్టిక రాసుకుని ఆటోల్లో పరుగులు పెడతారు. మూడో రోజుకు తోడికీ శుభపంతువరాళికీ తేడా తెలియని స్థితికి వస్తారు. రోజుకు రెండు చాలు. అందులో ఒకటి మధ్యాహ్నం కచేరీ అయి ఉండాలి. ఆ వేళ పాడేది ఇంకా పేరు రాని పిల్లలు, చాలాచోట్ల టికెట్ ఉండదు, హాలు సగం ఖాళీ, ముందు వరుస మీదే. వాళ్ళకు ఆ గంటన్నర జీవన్మరణ సమస్య కాబట్టి ఒక్క స్వరం కూడా నిర్లక్ష్యంగా పాడరు. నామమే రూపమే తూకం కుదిర్చిన గాయనిని నేను విన్నది అలాంటి మధ్యాహ్నమే. మధ్యలో క్యాంటీన్ ఉంది. దాని గురించి అడిగితే వేరే జవాబు రాయాలి.

నేర్చుకోనివాళ్ళకు అర్థమవుతుందా అన్నారు. అవుతుంది, రెండు పనులు చేస్తే. ఒకటి, తాళం వెయ్యడం నేర్చుకోండి. ఆదితాళం, రూపకం, మిశ్రచాపు, ఈ మూడూ వస్తే మీరు వినే కచేరీలో ముప్పాతిక భాగానికి సరిపోతాయి. ఆదితాళం ఎనిమిది దెబ్బలే: ఒక చరుపు, మూడు వేళ్ళు, తర్వాత రెండుసార్లు చరిచి తిప్పడం. తొడ మీద మెల్లగా వేసుకోండి, పక్కవాళ్ళకు వినబడేలా కాదు. రెండోది, ఈ ఏడాదికి ఐదు రాగాలు పెట్టుకోండి. మోహన, కల్యాణి, తోడి, ఖరహరప్రియ, కాంభోజి. ఒక్కోదానికి మీకు బాగా తెలిసిన పాట ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆలాపన మొదలవగానే ఇది ఏదై ఉంటుందో చిన్న పుస్తకంలో రాసుకుని, కృతి ఎత్తుకున్నాక సరిచూసుకోండి. పక్కవాళ్ళను వెంటనే అడగొద్దు, ఫోన్లో అసలే చూడొద్దు. కొన్ని నెలలపాటు తప్పులే వస్తాయి, టెన్షన్ పడకండి, పరీక్ష ఎవరూ పెట్టడం లేదు. వర్షాకాలం వచ్చేసరికి కాంభోజి దానంతటదే ఇంట్లోవాళ్ళ అడుగుల చప్పుడు పట్టినట్టు పట్టుబడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, మీ ఇంటికి దగ్గర్లో టికెట్ లేని కచేరీతో. అక్కడ నచ్చిన ఒక్కరిని ఎంచుకుని, వాళ్ళు ఆ ఏడాది మీకు అందుబాటులో ఎక్కడ పాడినా వెళ్ళండి. రెండోసారి అదే కృతి పాడితే విసుక్కోకండి, అదృష్టమనుకోండి. మొదటిసారి ఎక్కడ ఆగారో, ఈసారి ఎక్కడ ఆగారో చూడండి. అమెరికాలో ఉన్న బంధువుల కోసం అడిగి ఉంటే, క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, ఈస్టర్ రోజుల్లో. ఇక్కడి విద్వాంసులే అక్కడికి వెళ్తారు.

పిల్లల గురించి. తీసుకెళ్ళండి గానీ మూడు గంటలు కట్టిపడేయకండి. తలుపు పక్క సీట్లు తీసుకోండి. కచేరీ మొదట్లో పాడే వర్ణం, ఒకటి రెండు వేగం కృతులు విన్నాక బయటికి తీసుకెళ్ళి ఏమైనా తినిపించి, తని సమయానికి మళ్ళీ లోపలికి తీసుకురండి. మృదంగం, ఘటం ఒకరికొకరు జవాబిచ్చుకునేటప్పుడు ఆరేళ్ళ పిల్లలు కూడా కదలకుండా చూస్తారు. ఆలాపన మధ్యలో లేవాల్సి వస్తే లేవండి, కానీ కృతి అయ్యాక చప్పట్లు కొడుతున్నప్పుడు లేవడం మంచిది. ఘటం వాయించినాయన కచేరీ అయ్యాక వేదిక దిగుతుంటే పిల్లల్ని దగ్గరికి పంపండి. చాలామంది ఆ కుండను ముట్టుకోనిస్తారు, ఎత్తనివ్వరు.